చక్కెర చిలక, రబ్బరు అచ్చు

మా పుట్టింట్లో చేప వాసన గడప దాటి లోపలికి వచ్చిన రోజు ఇంతవరకూ లేదు. అలాంటి ఇంట్లో, అదీ మా అమ్మ వంటింట్లో, గ్యాసు పొయ్యి మీద చేపల ఎరలు ఉడికాయంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. ఆదోని నించి అమ్మ ఫోను చేసి, "ఒకసారి వచ్చిపో తల్లీ, నీ మేనల్లుడు ఇంట్లో పాముల్ని వండుతాండాడు" అంటే, ఆవిడకు డెబ్బై అయిదు దాటాయి కదా, కాస్త చాదస్తంలే అనుకున్నాను.

తీరా వెళ్ళి చూద్దును కదా, అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. పెరట్లో బట్టలారేసే దండేనికి ఎర్రవీ, ఆకుపచ్చవీ, నల్లవీ జానెడు పొడుగు వానపాములు వరసగా వేలాడుతున్నాయి. గాలికి వూగుతున్నాయి కూడాను! ముట్టుకుంటే మెత్తగా, చల్లగా, నిజం పురుగుల్లాగే వున్నాయి. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"పాములు కావత్తా, ఎర్రలు. ప్లాస్టిక్ ఎర్రలు. గాలానికి గుచ్చేవి" అన్నాడు మా అన్నయ్య కొడుకు.

వాడు బెంగుళూరులో కంప్యూటరు వుద్యోగం చేస్తాడు. ఇంట్లో కూర్చునే పని చేసుకోవచ్చునన్న సదుపాయం వచ్చాక నెలకు పదిరోజులు ఆదోనిలోనే వుంటున్నాడు. సెలవు దొరికితే గాలం పట్టుకుని తుంగభద్ర ఒడ్డుకు పోతాడు. కొరమీను దొరికితే ఫోటో తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాడు. "వదిలేసేదానికి పట్టేదెందుకురా?" అని వాళ్ళ జేజి అడిగితే జవాబు లేదు.

కొరమీనుది వేటాడి తినే స్వభావం. కప్పపిల్లో, చిన్నచేపో కళ్ళముందు కదిలితే ఆగలేదు. అందుకే దాన్ని మోసం చెయ్యాలంటే ఎర కదలాలి, మెత్తగా వుండాలి, నోట్లో పెట్టుకున్నాక కూడా అనుమానం రాకూడదు. అంగట్లో దొరికే ఎరలు ఖరీదు. పైగా వీడికి కావలసిన రంగు దొరకదు. అందుకని సొంతంగా పోసుకోవడం మొదలుపెట్టాడు. ముందు మట్టితో వానపామును చెయ్యడం, దానిమీద సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీయడం, ఆ అచ్చులో కరిగిన ప్లాస్టిక్ పొయ్యడం. ఇదీ వాడి కుటీర పరిశ్రమ.

ఆ కరిగించే పని మొదటిసారి వంటింట్లో చేశాడు. పాలలాగా తెల్లగా వుండే ఒక ద్రవం అది. వేడి చేస్తే ముందు గడ్డకడుతుంది. ఇంకా వేడెక్కి 170, 175 డిగ్రీల దాకా వచ్చాక తేనెలాగా తేటగా అవుతుంది. అక్కడ దించాలి. వీడు ఫోను మాట్లాడుతూ మరిచిపోయాడు. అది పసుపుపచ్చగా మారి, గోధుమరంగుకు తిరిగి, గొంతు పట్టేసే పొగ వదిలింది. ఆ ప్లాస్టిక్కును మాడిస్తే వచ్చేది మామూలు పొగ కాదు, అందులో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఆవిరి వుంటుంది. అమ్మ దగ్గుతూ వీధిలోకి పరుగెత్తింది. ఆ గిన్నె ఆ పూటే వంటింట్లోంచి వెలి అయింది. పెరట్లో వేపచెట్టు కింద వేరే పొయ్యి, వేరే గిన్నె, వేడి చూసే థర్మామీటరు, మూతికి మాస్కూ వచ్చాయి. అమ్మ మాత్రం వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. నాకు ఫోను వచ్చింది ఆ మధ్యలోనే.

ఇంతకీ ఆ రాజీ ఎలా కుదిరిందో చెప్పాలంటే ముందు ఇంకొక అచ్చు సంగతి చెప్పాలి.

"అచ్చు" అన్న మాట మన ఇళ్ళల్లో ఎన్ని రకాలుగా తిరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? పుస్తకం అచ్చవుతుంది. పిల్లవాడు అచ్చు వాళ్ళ నాన్నలాగే వుంటాడు. ఆదోనికి పక్కనే వున్న ఎమ్మిగనూరుకు వెళితే అచ్చు అంటే మగ్గం మీది దువ్వెన. పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా విడదీసి నిలబెట్టేది అదే. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతపనివారి సహకార సంఘం స్థాపించారు. ఆయనకు 1954లో పద్మశ్రీ ఇచ్చారు. ఎమ్మిగనూరు దుప్పటి కప్పుకోని ఇల్లు మా చిన్నతనంలో మా పక్క లేదు. పడుగు అయిపోయినప్పుడు పాత పోగుల కొసలు అచ్చులోనే వుంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటే మెలివేసి కలుపుతారు. దాన్ని అచ్చు అతకడం అంటారు. పాతది చివరిదాకా లాగేస్తే కొత్తది ఎక్కించడం చాలా కష్టం.

మా ఇంట్లో అచ్చు అంటే మటుకు చక్కెర చిలక. మా అమ్మ పుట్టిల్లు బళ్ళారి. ఆదోని, ఆలూరు తాలూకాలు కూడా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చేదాకా బళ్ళారి జిల్లాలోవే. అందుకని మా వూళ్ళో పెళ్ళిళ్ళూ పండగలూ సగం ఆ వైపువే. కార్తీక పున్నమికి అక్కడివాళ్ళు గౌరమ్మకు చక్కెర బొమ్మలతో ఆరతి ఇస్తారు. ఏనుగులు, గోపురాలు, చిలకలు, అన్నీ చక్కెరతోనే. అమ్మ కాపురానికి వస్తూ టేకు కొయ్య అచ్చులు తెచ్చుకుంది. ఎన్నో పోగా చివరికి మిగిలింది చిలక ఒక్కటే.

ఆ పని చూస్తూ పెరిగాను గనక చెప్పగలను. కొయ్య అచ్చును ముందు నీళ్ళలో నానవేస్తారు. లేకపోతే పాకం పట్టుకుని వూడదు. రెండు చెక్కల్నీ జోడించి దారంతో బిగించి కడతారు. చక్కెర పాకం కాచి, పాలచుక్క వేసి మురికి తేర్చి, వడకట్టి, మళ్ళీ కాచి, తెల్లబడేదాకా తిప్పి, వేడివేడిగా పై కంతలోంచి పోస్తారు. కాసేపటికి గట్టిపడుతుంది. అంతవరకూ అందరూ చెయ్యగలరు. ఆ దారం విప్పి చెక్కలు విడదీసేటప్పుడు మాత్రం అమ్మ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. తోక విరిగిందా, మెడ విరిగిందా, ఆ పూట చిలక పిల్లల పాలు!

అచ్చు పనిలో కష్టమంతా అక్కడే వుంది. నింపడం తేలిక, విడిపించడం కష్టం. ఇది మా అమ్మ ఒక్కతే పడ్డ అవస్థ కాదు. ఎన్నో వందల ఏళ్ళుగా పనివాళ్ళంతా పడుతూ వచ్చిందే.

చేపలకూ అచ్చులకూ మా మేనల్లుడే మొదటిసారి చుట్టరికం కలిపాడనుకున్నాను. ఆ చుట్టరికం దాదాపు 900 ఏళ్ళ నాటిది. కల్యాణి రాజధానిగా ఏలిన పశ్చిమ చాళుక్యుల్లో మూడవ సోమేశ్వరుడు అని ఒక రాజు వుండేవాడు. తుంగభద్రకు అటూ ఇటూ వున్న మన సీమ అప్పట్లో ఆ చాళుక్యుల ఏలుబడిలోదే. ఆయన 1130 ప్రాంతంలో సంస్కృతంలో "మానసోల్లాసం" అనే పెద్ద గ్రంథం రాశాడు. రాజుగారికి తెలియవలసినవన్నీ అందులో వున్నాయి. మన ఇడ్లీకి ముత్తాతలాంటి వంటకం కూడా వుంది!

అందులో "మత్స్యవినోదం" అని ఒక భాగం. గాలం వేసి చేపలు పట్టడం ఎలాగో, ఏ చేపకు ఏ తిండి ఇష్టమో రాజుగారు తీరిగ్గా చెప్పారు. సుమారు 35 రకాల చేపల పేర్లున్నాయి. ఆ భాగం మీద మన జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఒక వ్యాసం రాశారు. అప్పటిదాకా గాలం సరదా అంటే దొరలు తెచ్చిపెట్టిందే అనుకునేవాళ్ళు ఎక్కువ.

అదే గ్రంథంలో ఇంకొక చోట లోహ విగ్రహాలు పోతపోసే విధానం వుంది. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దానిమీద మట్టి పూస్తారు. ఆ మట్టిలో ఏమేం కలపాలి? కాల్చిన వూక, సన్నగా తుంచిన దూది, కొంచెం వుప్పు. పత్తి వూరి ఆడపడుచును గనక దూది అన్న మాట దగ్గర నాకు ముచ్చటేసింది. మొదటి పూత పల్చగా పూసి నీడన ఆరనిచ్చి, ఆ తరవాత మరి రెండు పూతలు వెయ్యాలి. ఆరాక వేడి చేస్తే లోపలి మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగించిన లోహం పోస్తారు. మైనాన్ని ముందే తూచి వుంచుకుంటారు. వెండి అయితే దానికి పన్నెండు రెట్లు, బంగారం అయితే పదహారు రెట్లు. ఎంత లెక్కో చూడండి!

విగ్రహం బయటికి రావాలంటే మరి? మట్టిని పగలగొట్టాలి. బొమ్మ చేతుల సందులూ, నడుము వంపులూ ఎన్ని వున్నా ఫరవాలేదు. అచ్చే పోతుంది గనక అడ్డమేమీ లేదు. కానీ ఒక అచ్చుకు ఒకే విగ్రహం. ఆదిలాబాదు జిల్లా వోజ పనివాళ్ళు ఈ మైనపు పోతనే ఇవాళ్టికీ చేస్తున్నారు. ఆదిలాబాదు డోక్రా అన్న పేరుతో 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కొయ్య అచ్చుది దీనికి తిరగేసిన కథ. ఒక్క అచ్చుతో వందల చిలకలు చెయ్యవచ్చు. కానీ ఎక్కడా లోతైన మడత వుండకూడదు. వుంటే చక్కెర అందులో ఇరుక్కుని విరుగుతుంది. మా అమ్మ చిలకకు ముక్కు వంకర అంతంతమాత్రంగా వుండడానికి కారణం అదేనని నాకు ఇన్నాళ్ళకు తెలిసింది. చెక్కినవాడికి చేతకాక కాదు, విడిపించే దారి వదిలిపెట్టాడు!

ఆ రెండు ఇబ్బందులూ లేనిది రబ్బరు అచ్చు. విరగదు, పగలగొట్టక్కర్లేదు. వంచితే వంగి, లోపల వున్నదాన్ని వదిలేసి, మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ఇది ఇంటింటికీ రావడానికి మటుకు చాలాకాలం పట్టింది.

ముందు ఆ ప్లాస్టిక్ వానపాము పుట్టుక చెబుతాను. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అని ఒక వూరు. మన ఆదోనికి పత్తి ఎలాగో ఆ వూరికి రబ్బరు అలాగ. టైర్ల ఫ్యాక్టరీలన్నీ అక్కడే వుండేవి. అక్కడి గుడ్రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ అనే రసాయనవేత్త 1926లో, రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, ఎందుకూ పనికిరాదనుకున్న పీవీసీని మెత్తబరిచే దారి కనిపెట్టాడు. మనం వాడే రెగ్జిన్ సంచులూ, వర్షపు కోట్లూ ఆ వంశంలోవే.

అదే వూళ్ళో 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన, చేపలు పట్టే సరదావున్న మనిషి, బతికున్న వానపాములాగే వుండే ఎర చెయ్యాలని పట్టుబట్టాడు. నిజం వానపాముల నించే ఆకారం తీసుకుని, మెత్తటి వినైల్, నూనెలు, రంగులు కలిపి ఇంట్లోనే వండాడు. ఆయన పక్కన నిలబడి ఆ పని చేసింది ఆయన భార్య కాస్మా. ఆవిడ ఇంట్లో ఎన్ని గిన్నెలు పాడయ్యాయో, ఎన్ని పూటలు ఆ వాసనతోనే అన్నం తిన్నదో ఎవరూ రాసిపెట్టలేదు. చేపల పుస్తకాల్లో ఆయన పేరు పెద్దక్షరాల్లో వుంటుంది, ఈవిడ పేరు "భార్యతో కలిసి" అన్న మాట వెనకాల వుంటుంది. 1951లో వాళ్ళు ఒక డాలరుకు అయిదు వానపాముల చొప్పున పోస్టులో పంపుతూ అమ్మకం మొదలుపెట్టారు. తరవాత అదే పెద్ద వ్యాపారమయింది.

ఇక ఆ ఎరల్ని ఇళ్ళల్లో పోసుకోవడానికి పనికివచ్చిన సిలికోన్ కథ ఇంకా తమాషా. ఇంగ్లండులో నాటింగ్‌హాం కాలేజీలో ఫ్రెడరిక్ కిప్పింగ్ అనే ప్రొఫెసరు వుండేవాడు. ఇసుకలో వుండే సిలికాన్ అనే మూలకంతో నలభై ఏళ్ళు కుస్తీ పట్టాడు. సిలికోన్ అన్న పేరు వాడుకలోకి తెచ్చింది ఆయనే. గాజు పాత్రల అడుగున జిగురు జిగురుగా ఏదో మిగిలేది. అది ఆయనకు ఒక విసుగు. వీటివల్ల పెద్దగా ప్రయోజనం వుంటుందని ఆశ లేదని 1936లో ఒక పెద్ద ఉపన్యాసంలో తేల్చి చెప్పేశాడు. పాపం, నాలుగేళ్ళు తిరక్కుండానే, 1940లో, అమెరికాలో యూజీన్ రోఖో సిలికోన్లను చవగ్గా తయారుచేసే దారి కనిపెట్టాడు. 1943లో వాటికోసమే డౌ కార్నింగ్ అనే కంపెనీ పుట్టింది. 1969లో చంద్రుడి మీద నడిచిన మనుషుల బూట్ల అడుగున వున్నది సిలికోన్ రబ్బరే! తుంగభద్ర ఒడ్డున పిల్లలు గూళ్ళు కట్టుకునే ఇసుకలో వున్న సిలికానే అందులోనూ వుంది.

వేడి అక్కర్లేకుండా గదిలోనే గట్టిపడే సిలికోన్ 1950ల్లో వచ్చింది. అక్కడినించి అచ్చుపని వంటింటి కొలతకు దిగివచ్చింది. రెండు డబ్బాల్లో వస్తుంది. చెప్పిన కొలత ప్రకారం కలిపి పోస్తే కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. గట్టిపడ్డాక కరిగిన ప్లాస్టిక్కు వేడి కూడా దాన్ని ఏమీ చెయ్యదు.

మావాడి మొదటి అచ్చు మాత్రం గట్టిపడలేదు. మూడురోజులైనా జిగటగానే వుంది. కారణం వాడు బొమ్మ చేసిన మట్టి. అంగట్లో అమ్మే ఆ నూనెమట్టిలో గంధకం కలిసి వుంది. మామూలు రబ్బరును గట్టిపరిచేదే గంధకం, వాడు కొన్న రకం సిలికోన్‌కు మాత్రం అదే శత్రువు. రెండోసారి గంధకం లేని మట్టి తెచ్చాడు. కానీ అచ్చు నిండా బుడగలు.

ఇక్కడే మా అమ్మ మౌనవ్రతం విడిచింది. వేపచెట్టు కింద వాడు గిన్నె ఒక్కసారిగా ఒంపుతుంటే చూసి వుండబట్టలేక, "అట్ల గుమ్మరిస్తారా? ఒక మూలనించి సన్నగా, దారం మాదిరి పొయ్యి. పాకమైతే అట్లనే పోసేది" అంది. వాడు అలాగే పోశాడు. బుడగలు రాలేదు. అచ్చు రెండో సగం పోసేటప్పుడు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతాయని వాడు వాజిలైన్ పూస్తుంటే, "మైసూరుపాక్ పళ్ళేనికి నెయ్యి రాసినట్లా?" అని అడిగింది. "అట్లనే జేజీ" అన్నాడు. రాజీ అయిపోయింది.

నేను వెళ్ళిన రోజు సాయంత్రం అమ్మ లోపల్నించి చిలక అచ్చు తీసుకొచ్చి వాడి ముందు పెట్టింది. ఒక చెక్క ముక్కు దగ్గరినించి తోకదాకా నిలువునా పగిలి వుంది. "దీన్ని బాగుచేస్తావా?" అని అడగలేదు. "ఇది ఇంక పనికిరాదు గదా" అంది. అడగడం ఇష్టంలేనప్పుడు మా అమ్మ అలాగే మాట్లాడుతుంది.

వాడు తిప్పి తిప్పి చూశాడు. "జేజీ, ఇంకొక్క చిలకను పొయ్యగలవా?" అన్నాడు.

చెక్కలు నానవేసి, మామూలు కంటే రెట్టింపు దారం చుట్టి, అమ్మ పాకం కాచింది. చెయ్యి కొద్దిగా వణుకుతోంది గాని ధార వణకలేదు. దారం విప్పగానే పగులు ఇంకాస్త విచ్చుకుంది. కొయ్య అచ్చు పని అంతటితో సరి. చిలక మాత్రం నిలిచింది. వీపు మీద పగులు తాలూకు గీత గట్టులాగా లేచి వుంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, సూదితో ఆ గట్టును నెమ్మదిగా గీకి తీసేసింది. కన్ను అరిగిపోయి వుంటే మళ్ళీ గుచ్చింది. ముక్కు కింద చిన్న నొక్కు ఒకటి వుంది. మావాడు అదీ సరిచేద్దామంటే వద్దంది. "మా అమ్మ కత్తి తగిలి పడిన నొక్కు. వుండనీ" అంది.

తిండి వస్తువులకు పనికివచ్చే సిలికోన్ వేరేగా వుంటుంది. వాడు అది తెప్పించాడు. దాని డబ్బాలు ఎరల డబ్బాల పక్కన పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. అట్టపెట్టెలో చక్కెర చిలకను నిలబెట్టి, ఒక సగం పోసి, మర్నాడు రెండో సగం పోశారు. మూడోరోజు విప్పితే చిలక విరగకుండా వచ్చింది. కొత్త అచ్చును కడిగి ఆరబెట్టి చూస్తే, రెక్కల గీతలు, అమ్మ కొత్తగా గుచ్చిన కన్ను, అమ్మమ్మ కత్తి నొక్కు, అన్నీ వున్నాయి. అమ్మ అందులో పాకం పోసి, గట్టిపడ్డాక, రబ్బరును రెండు చేతులా పట్టుకుని మెల్లిగా వంచింది. చిలక అరచేతిలోకి వచ్చి పడింది. అంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదేమో, అమ్మ కాసేపు అలాగే చూస్తూ వుండిపోయింది.

అంతా అయ్యాక ఎరల దండెం వైపు చూస్తూ ఒక్క మాట అడిగింది. "అవి నీళ్ళల్లో తెగిపోతే ఏమైతాయిరా?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. నిజం వానపామైతే చేప తింటుంది, లేదా కుళ్ళి మట్టిలో కలుస్తుంది. ఇది కరగదు, కుళ్ళదు. చేప మింగితే అరగదు. పట్టిన చేపను వదిలేశానని సంతోషపడేవాడు, వదిలిపెట్టకూడనిది నీళ్ళలో వదిలేసి వస్తున్నాడేమో! వాడు ఆ సంగతి ఆలోచించినట్టు లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒక కొత్త రివాజు నడుస్తోంది. గాలం తీసుకుని గడప దాటేముందు వాడు ఎరలు లెక్కపెట్టి చూపించాలి. సాయంత్రం తిరిగొచ్చాక మళ్ళీ చూపించాలి. పక్కింటికి పెళ్ళికి ఎరువిచ్చిన గిన్నెలు లెక్క చూసుకున్నట్టు అమ్మ చూసుకుంటుంది. తెగి పోయినన్ని మళ్ళీ పోసుకోవడానికి వీల్లేదు. మొన్న ఫోనులో అడిగితే, "పన్నెండు పోయినాయి, పదకొండు వచ్చినాయి" అంది. ఆ ఒక్కదానికోసం మర్నాడు వాణ్ణి మళ్ళీ నది ఒడ్డుకు పంపించిందట.

దొరికిందా అని అడిగాను.

"దొరకలేదు. కార్తీకమాసం వస్తాంది గదా, పాకం తిప్పేదానికి కూర్చోబెట్టినా" అంది మా అమ్మ.